షోరూము ధర వేరు, బండి ధర వేరు

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై వస్తుసేవల పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. సెస్సు కూడా రద్దయింది. అయినా ప్రకటనలోని ధరకే కారు ఇంటికి రాదు.

షోరూము ధరలో ఈ పన్ను కలిసే ఉంటుంది. దానిపై రాష్ట్ర వాహన పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము, బీమా చేరతాయి. ఇవి తప్పనివి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ధర పది లక్షలు దాటితే వసూలుచేసే ఒక శాతం మాత్రం ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటవుతుంది.

'హ్యాండ్లింగ్ ఛార్జీలు', అదనపు వారంటీ, అలంకరణ సామగ్రి చట్టం కోరినవి కావు. బీమా సైతం డీలరు వద్దే తీసుకోవాలన్న నిర్బంధం లేదు.

సరిహద్దు కుటుంబాలు గమనించవలసినది మరొకటి ఉంది. ఆంధ్రలోని బంధువుల చిరునామాతో రిజిస్ట్రేషన్ చేయించిన కారు లక్ష్మీపూర్‌లో 12 నెలలు మించి ఉంటే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఒడిశా సంఖ్య పొందాలి. ఇక్కడి పన్నూ చెల్లించాలి. విజయనగరంలో కొన్నా, తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో తెచ్చి కోరాపుట్‌లో నమోదు చేయించుకోవడమే మేలు.

బయానా ఇచ్చేముందే పద్దులవారీ ధర కాగితంపై అడగండి. వివాదమొస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 ఉంది.