డిగ్రీకి ఒక ఓటు ఎక్కువ ఎందుకు?

"చదువూ సంధ్యా లేనివాళ్ళకి ఓటు హక్కు ఇవ్వబట్టే దేశం ఇలా తగలడింది." ఈ మాట బయట వింటే నాకు ఆశ్చర్యం లేదు. కాని మన హేతువాద సమావేశాల్లో, టీ తాగేటప్పుడు, మన మిత్రులే అంటుంటారు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు తలూపుతారు. వాళ్ళు కోరుకునేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కొంతమేరకు అమలులోనే ఉంది. దాని పేరు శాసన మండలి.

శాసన సభకి పద్దెనిమిదేళ్ళు నిండిన పౌరులందరికీ తలా ఒక ఓటు. మండలి లెక్క వేరు. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం మండలి సీట్లలో సుమారు మూడో వంతు ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. మరో మూడో వంతు స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకుంటారు. పన్నెండో వంతు పట్టభద్రులది, ఇంకో పన్నెండో వంతు ఉపాధ్యాయులది. మిగిలినవారిని గవర్నరు నామినేట్ చేస్తారు. తెలంగాణ మండలిలో 40 సీట్లుంటే 3 పట్టభద్రులవి, 3 ఉపాధ్యాయులవి. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 సీట్లుంటే చెరో 5.

మొదటి రెండు వర్గాలతో నాకు పెద్ద పేచీ లేదు. ఎమ్మెల్యేనీ, కౌన్సిలర్నీ ఎన్నుకున్నది జనమే కాబట్టి వాళ్ళ ఓటులో అందరి ఓటూ పరోక్షంగా ఉంది. నా పేచీ పట్టభద్రుల, ఉపాధ్యాయుల సీట్లతో. డిగ్రీ వచ్చి మూడేళ్ళు దాటింది కాబట్టి నాకు రెండు ఓట్లు. డిగ్రీ ఉండి హైస్కూల్లో పాఠాలు చెప్పే మా ఆవిడకి మూడు. మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆయనకి ఒకటే. సబ్బు కొన్నా, పెట్రోలు కొన్నా ముగ్గురం పన్ను కడుతున్నాం. రెండు సభలూ కలిసి చేసే చట్టం ముగ్గురికీ వర్తిస్తుంది. మరి మా ఇద్దరికీ ఈ అదనపు ఓట్లు ఎందుకు? ఇంకో విచిత్రం. ఉపాధ్యాయుల నియోజకవర్గంలో ఓటు సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో పనిచేసేవారికే. పిల్లల చేత అ ఆలు దిద్దించే ప్రైమరీ స్కూలు టీచరుకి ఆ ఓటు లేదు!

చదువుకున్నవాళ్ళకి ఎక్కువ ఓట్లుండాలన్న వాదన మూర్ఖులు చేసింది కాదు. జాన్ స్టువర్ట్ మిల్ అంతటివాడు 1861లో ప్రాతినిధ్య ప్రభుత్వం మీద రాసిన పుస్తకంలో ఈ మాట చెప్పాడు. విద్యావంతులకి ఒకటికన్నా ఎక్కువ ఓట్లుండాలి అన్నాడు. కాని మిల్ చెప్పాడు కాబట్టి ఒప్పుకోవడానికి మనం మిల్ భక్తులం కాము. డిగ్రీ ఉన్నవాడు ప్రజల మేలు గురించి మరింత హేతుబద్ధంగా ఆలోచిస్తాడన్నది ఒక ప్రతిపాదన. ప్రతిపాదనకి రుజువు కావాలి.

రుజువు ఎక్కడుంది? ముహూర్తం చూసి సిజేరియన్ చేయించుకునే దంపతులు చాలామంది పట్టభద్రులే. చేసే డాక్టరూ పట్టభద్రుడే. వాస్తు కోసం గుమ్మం మార్పించే ఇంజనీర్లని మనం చూడలేదా? డిగ్రీ ఒక విషయంలో శిక్షణ పొందినట్టు చెబుతుంది. అంతకు మించి అది ఏ హామీ ఇవ్వదు.

పట్టభద్రుల ఎన్నికల్లో వేల ఓట్లు చెల్లకుండా పోతాయనీ, చదువుకున్నవాళ్ళ తెలివి ఇదేననీ కొందరు ఎగతాళి చేస్తారు. ఆ వాదన నేను వాడను. అక్కడ బ్యాలెట్ కాగితం మీద ప్రాధాన్యత అంకెలు వేయాలి. శాసన సభ ఎన్నికల్లో మిషన్ మీద బటన్ నొక్కితే చాలు. రెండింటినీ పోల్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు. మన పక్షానికి పనికొస్తుందని తప్పుడు రుజువుని చేతిలోకి తీసుకోకూడదు.

"నిరుద్యోగ పట్టభద్రుల గోడు సభలో ఎవరు వినిపిస్తారు?" అని మరో ప్రశ్న. గోడు నిజమే. మరి నేత కార్మికుల గోడు, వ్యవసాయ కూలీల గోడు? వాళ్ళకి ప్రత్యేక సీటు లేదే! పైగా పట్టభద్రుల సీటుకి పోటీ చేసే అభ్యర్థికి డిగ్రీ ఉండనక్కర్లేదని 1972లో సుప్రీం కోర్టే తేల్చింది. అంటే డిగ్రీ లేనివారు ప్రతినిధి కావచ్చు, ఓటరు మాత్రం కాకూడదు! ఇందులో తర్కం ఎక్కడుంది?

బ్రిటన్ లో విశ్వవిద్యాలయాల పట్టభద్రులకి పార్లమెంటులో ప్రత్యేక సీట్లుండేవి. 1948లో చట్టం చేసి వాటిని తీసేశారు. మన రాజ్యాంగ సభ 1949లో ఆమోదించిన రాజ్యాంగంలో మండళ్ళకి అలాంటివే ఉంచింది. 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యులు సుమారు 18 శాతం. అలాంటి దేశంలో వయోజనులందరికీ ఓటిచ్చిన సాహసం అదే రాజ్యాంగానిది. ముందు తలుపు అందరికీ తెరిచి, పెరటి తలుపు దగ్గర మాత్రం సర్టిఫికెట్ అడిగినట్టయింది.

మండలికి పెద్దగా అధికారం లేదు కదా, ఎందుకీ గొడవ అంటారా? నిజమే, మామూలు బిల్లుని అది మొత్తం మీద నాలుగు నెలలు మించి ఆపలేదు. ద్రవ్య బిల్లయితే 14 రోజులే. అయినా ఎమ్మెల్సీలు మంత్రులవుతారు, జీతాలు ప్రజల సొమ్మే. ఆంధ్రప్రదేశ్ మండలిని 1985లో రద్దు చేశారు, 2007లో మళ్ళీ తెచ్చారు. 2020 జనవరిలో రద్దు కోరుతూ శాసన సభ తీర్మానం చేసింది, 2021 నవంబరులో వెనక్కి తీసుకుంది. ప్రతిసారీ మండలి ఉండాలా వద్దా అన్న రభసే. అందులో ఎవరికి ఓటుండాలన్న ప్రశ్న పక్కకే పోయింది.

దీన్ని మార్చడానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు. పార్లమెంటు చట్టం ద్వారా వేరేలా నిర్ణయించేవరకే ఈ కూర్పు అని 171వ అధికరణం రెండో క్లాజులోనే ఉంది. మామూలు చట్టం చాలు. ఆ సీట్లని స్థానిక సంస్థల కోటాలో కలిపినా నాకు సమ్మతమే.

పట్టభద్రుల ఓటరు జాబితా ప్రతి ఎన్నికకీ కొత్తగా తయారవుతుంది. ఫారం 18 నింపి మళ్ళీ నమోదు చేసుకోవాలి. నేను నింపుతాను. ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ ఒకటే అడుగుతాను: "మీరు గెలిస్తే, ఈ ప్రత్యేక సీట్లు తీసేయమని సభలో మాట్లాడతారా?" మీరూ అడగండి. చదువు మనకి ప్రశ్నించడం నేర్పిందంటాం కదా, ముందు మనకి లాభం చేసేదాన్నే ప్రశ్నిద్దాం.