కాలానికీ మొదలుందా?

కాలం ఎప్పుడు మొదలైందని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: 1380 కోట్ల ఏళ్ల క్రితం, బిగ్ బ్యాంగ్‌తో. అంతకుముందు ఏముందని అడగడమే తప్పని కూడా కొందరు కలుపుతారు. విశ్వం అప్పట్లో విపరీతమైన వేడితో, ఇరుకుగా ఉండి, నాటి నుంచీ విస్తరిస్తూ వస్తోందన్న దానికి గట్టి సాక్ష్యాలున్నాయి. కాలం కూడా ఆ క్షణానే పుట్టిందనడానికి మాత్రం ఈ రోజుకీ సాక్ష్యం లేదు. తేలని సంగతిని తేలిపోయినట్టు పిల్లలకు చెప్పడం వల్ల సైన్సుకు మేలు జరగదు.

సాక్ష్యం ఎంతదూరం వెళ్తుందో చూడాలి. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ తమ రేడియో యాంటెనాను ఎటు తిప్పినా ఒక సన్నటి రొద వదల్లేదు. విశ్వానికి 3.8 లక్షల ఏళ్ల వయసున్నప్పుడు బయల్దేరిన వెలుగు అది. చల్లబడి చల్లబడి ఇప్పుడు 2.7 కెల్విన్‌కు చేరింది. అంతకంటే వెనక్కి ఏ టెలిస్కోపుతోనూ చూడలేం. అప్పటి విశ్వం వెలుగును ముందుకు సాగనివ్వనంత చిక్కటి ప్లాస్మా. అయినా ఇంకో ఆధారం ఉంది. విశ్వంలోని మామూలు పదార్థంలో బరువు లెక్కన దాదాపు పావు వంతు హీలియం. తొలి కొన్ని నిమిషాల్లో ఎంత హీలియం తయారై ఉండాలో భౌతికశాస్త్రం లెక్కగడితే, ఆ అంకె పరిశీలనతో చక్కగా సరిపోయింది. అంటే ఒక్క సెకను వయసున్న విశ్వం గురించి కూడా ధీమాగా మాట్లాడగలం. మనిషి బుద్ధి సాధించిన గొప్ప విజయాల్లో ఇదొకటి.

ఆ సెకను లోపలే ఉంది అసలు చిక్కు.

ఐన్‌స్టీన్ 1915లో ఇచ్చిన సమీకరణాలను వెనక్కి నడిపిస్తూ పోతే ఒకచోట సాంద్రత అనంతమవుతుంది. అది లెక్కల్లో వచ్చిన తేడానా, ప్రకృతిలో నిజంగా జరిగిందేనా? ఈ చర్చకు దారి వేసినవాడు కలకత్తా శాస్త్రవేత్త అమల్ కుమార్ రాయ్‌చౌధురి. గురుత్వాకర్షణ పదార్థపు దారులన్నింటినీ ఎలా దగ్గరికి లాగుతుందో 1955లో ఆయన ప్రచురించిన సమీకరణం చూపింది. పదేళ్ల తర్వాత రోజర్ పెన్‌రోజ్, స్టీఫెన్ హాకింగ్ దాన్నే చేతబట్టి ముందుకెళ్లారు. కొన్ని షరతులకు లోబడి, ఐన్‌స్టీన్ సిద్ధాంతం చివరిదాకా చెల్లితే, గతం వైపు కాలరేఖ ఎక్కడో తెగిపోక తప్పదని నిరూపించారు. కాలానికి మొదలుందన్న నమ్మకానికి పెద్ద ఊతం దొరికింది ఇక్కడే.

కానీ ఆ సిద్ధాంతం చివరిదాకా చెల్లుతుందా? సెకనును ఒకటి పక్కన 43 సున్నాలు పెట్టినన్ని ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్కలో సుమారు సగం ప్లాంక్ కాలం. అంత చిన్న వ్యవధిలో క్వాంటం నియమాలదే రాజ్యం. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో వాటికి చోటు లేదు. హాకింగ్ స్వయంగా తర్వాత మనసు మార్చుకుని, క్వాంటం ప్రభావాలను లెక్కలోకి తీసుకుంటే ఆ తెగిన అంచు ఉండనక్కర్లేదని 1988 నాటి తన ప్రసిద్ధ పుస్తకంలో రాశారు. ఆ సవరణ మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

1983లో జేమ్స్ హార్టిల్‌తో కలిసి హాకింగ్ మరో ప్రతిపాదన చేశారు. విశ్వం తొలిదశలో కాలం కూడా స్థలంలాగే ప్రవర్తిస్తుందని, కాబట్టి దానికి అంచంటూ ఉండదని దాని సారాంశం. దక్షిణ ధ్రువానికి ఇంకా దక్షిణాన ఏముందని అడగడం ఎలాంటిదో, బిగ్ బ్యాంగ్‌కు ముందు ఏముందని అడగడమూ అలాంటిదేనని ఆయన చెప్పేవారు. ఆలోచన అందమైనదే. అయితే ఆ ప్రతిపాదన నిజమైతేనే ప్రశ్న అర్థరహితమవుతుంది. రుజువు కాని ప్రతిపాదనను చూపించి ప్రశ్నను కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఇంకోవైపు భారత్‌లో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త అభయ్ అష్టేకర్ ఉన్నారు. 2006లో పెన్సిల్వేనియాలో తోమాష్ పావ్లోవ్‌స్కీ, పరమ్‌ప్రీత్ సింగ్‌లతో కలిసి ఆయన చేసిన గణనలో సాంద్రత అనంతం దాకా వెళ్లనే లేదు. ఒక హద్దు చేరాక గురుత్వాకర్షణే వికర్షణగా మారింది. కుంచించుకుపోతున్న పాత విశ్వం అక్కడి నుంచి వెనుదిరిగి విస్తరించసాగింది. ఈ లెక్కలో ‘ముందు’ అన్న మాటకు అర్థం ఉంది. గడియారం లేనిచోట కాలాన్ని దేనితో కొలిచారన్న సందేహం రావచ్చు. విశ్వంలోనే ఉన్న ఒక క్షేత్రాన్ని గడియారంగా తీసుకుని, అది మారుతూంటే మిగతావి ఎలా మారుతున్నాయో చూశారు.

ఆ పద్ధతికి లోతైన కారణం ఉంది. ప్రపంచం ఉన్నా లేకున్నా కాలం తన మానాన పారుతూనే ఉంటుందని న్యూటన్ భావించాడు. ఆ భావన ఏనాడో చెల్లకుండా పోయింది. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు నేల మీది వాటికంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని సరిదిద్దకపోతే ఒక్కరోజులోనే కిలోమీటర్ల కొద్దీ తేడా వచ్చి మన ఫోన్లు దారి తప్పిస్తాయి. వేగంతో, గురుత్వాకర్షణతో కాలం నడక మారుతుంది. విశ్వంతో ఇంతగా పెనవేసుకున్న కాలాన్ని దాన్నుంచి విడదీసి మాట్లాడటం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాలానికి మొదలే లేదన్నవారూ ఉన్నారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ 2025లో పుణెలో కన్నుమూసే దాకా బిగ్ బ్యాంగ్‌ను విమర్శిస్తూనే వచ్చారు. ఫ్రెడ్ హోయల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి 1993లో ఆయన ముందుకు తెచ్చిన, ఆద్యంతాలు లేని విశ్వ నమూనాను కొలతలు పెద్దగా బలపరచలేదు. అయినా అందరూ ఒకవైపు మొగ్గినప్పుడు ఎదురు ప్రశ్న వేసే హక్కును ఆయన వదులుకోలేదు. ఆయనను గౌరవించడానికి అదొక్కటీ చాలు.

తెలుగు ఇళ్లలో ఏ పూజ మొదలుపెట్టినా సంకల్పంలో కల్పం, మన్వంతరం, యుగం చెప్పుకుంటాం. కల్పమంటే 432 కోట్ల ఏళ్లు. అంత పెద్ద అంకెతో కాలాన్ని ఊహించినవారి ధైర్యం అబ్బురపరుస్తుంది. కానీ అష్టేకర్ లెక్క రాగానే ‘ఇదంతా మనవాళ్లు ముందే చెప్పారు’ అని వేదికలెక్కడం ఇద్దరికీ అన్యాయమే. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం సృష్టి మూలం గురించి తీర్పు చెప్పకుండా, సందేహంతోనే ముగుస్తుంది.

ఈ సందేహాల్లో కొన్నింటినైనా కొలతలతో తేల్చే అవకాశం ఉంది. 3.8 లక్షల ఏళ్ల నాటి ఆ వెలుగులో తొలి గురుత్వ తరంగాలు ఒక మెలిక వదిలి ఉండవచ్చు. దాన్ని పట్టుకున్నామని 2014లో దక్షిణ ధ్రువంలోని బైసెప్ 2 బృందం ప్రకటించింది. ఏడాది తిరక్కుండానే ఆ సంకేతానికి పాలపుంతలోని ధూళితో వివరణ సరిపోతుందని తేలింది. వెతుకులాట ఆగలేదు. ఆ మెలిక స్పష్టంగా దొరికితే, పాత విశ్వం కుంచించుకుపోయి కొత్తది మొదలైందనే పాల్ స్టైన్‌హార్ట్, నీల్ టూరోక్‌ల నమూనాకు గట్టి దెబ్బ తగులుతుంది. ఎందుకంటే అందులో అలాంటి తరంగాలు దాదాపు ఉండవు. జపాన్ ఈ పనికే లైట్‌బర్డ్ ఉపగ్రహాన్ని రూపొందిస్తోంది. మన శాస్త్రవేత్తలు కూడా సీఎంబీ-భారత్ పేరుతో ఇస్రో ముందు ఒక ఉపగ్రహ ప్రతిపాదన ఉంచారు. చంద్రుడి మీద దిగిన దేశానికి ఆ ఉపగ్రహాన్ని పంపే సత్తా ఉంది. రాయ్‌చౌధురి, నార్లికర్, అష్టేకర్ కాగితం మీద పెంచిన ప్రశ్నకు కొలత కూడా ఇక్కడి నుంచే వచ్చేలా ఇస్రో, కేంద్ర ప్రభుత్వం నిధులు కేటాయించాలి.