కూలే గోడకు సాక్షి ఎవరు?

మన ప్రభుత్వాలు కట్టే ప్రతి కట్టడానికీ ఒక శిలాఫలకం ఉంటుంది. పునాదిరాయి ఎవరు వేశారు, ఏ తేదీన వేశారు, ఆ సమయంలో ఏయే అమాత్యులు పక్కన నిలబడ్డారు అన్న వివరాలన్నీ నల్లరాతి మీద చెక్కించి గోడకు తాపడం చేస్తారు. కూల్చివేతకు మాత్రం ఫలకం ఉండదు. ఫలానా కట్టడం ఫలానా రోజున, ఫలానా స్థితిలో ఉండగా నేలమట్టమైందని నిలబడి చెప్పగలిగేది ఒక్క ఛాయాచిత్రమే. కాబట్టి ఆ ఛాయాచిత్రాన్ని ఎవరు తీయవచ్చు, ఎవరు తీయరాదు అన్నది ముందుగా అధికారానికి సంబంధించిన ప్రశ్న అని నా వాదం. కళాభిరుచి సంగతి తరువాత చూద్దాం.

తెలుగునేల మీద ఏడాది వ్యవధిలో జరిగిన రెండు కూల్చివేతలను పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది 2019 జూన్‌లో కృష్ణ ఒడ్డున ఉండవల్లిలో జరిగింది. ప్రజావేదిక అనే ప్రభుత్వ సమావేశ మందిరంలోనే కలెక్టర్ల సదస్సు నడిపి, అక్రమ కట్టడాల కూల్చివేత ఈ భవనంతోనే మొదలవుతుందని నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రకటించారు. 25వ తేదీ రాత్రి యంత్రాలు వచ్చాయి. వాటితో పాటు కెమెరాలూ వచ్చాయి. రేకులు ఊడటం, ఇనుప చట్రం వంగటం, అద్దాలు పగలటం రాష్ట్రమంతా ఇంట్లో కూర్చుని చూసింది. చూడాలనే ఏలినవారి అభిమతం కూడా. ఐదేళ్లు గడిచి, 2024 జూన్‌లో చంద్రబాబు నాయుడు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాక ఆ శిథిలాల దగ్గరకే వెళ్లారు. మళ్ళీ కెమెరాలు వచ్చాయి. రాళ్లూ రేకులూ అవే. ఒకరికి అవి విజయచిహ్నమైతే మరొకరికి అభియోగపత్రం అయ్యాయి.

రెండవది 2020 జులైలో హైదరాబాదు సచివాలయం. దాదాపు పాతిక ఎకరాల ఆవరణలో, 1888 నాటి సైఫాబాదు ప్యాలెస్ మొదలుకొని ఇటీవలి బ్లాకుల దాకా ఎన్నో కట్టడాలు. ఆరవ నిజాం కాలపు ఆ ప్యాలెస్ జి బ్లాకు అన్న పేరుతో ఎందరో ముఖ్యమంత్రులకు కార్యస్థానమైంది. 7వ తేదీ తెల్లవారకముందే చుట్టుపక్కల దారులు మూసి పని మొదలుపెట్టారు. పత్రికలవారికి గాని, టీవీలవారికి గాని ప్రవేశం లేదు. ఆవరణలోని ఒక గుడి, మసీదులు దెబ్బతిన్న విషయం బయటకు పొక్కి, మూడు రోజుల తరువాత నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖర రావు విచారం వెలిబుచ్చవలసి వచ్చింది. ప్రమాదం జరుగుతుందని విలేఖరులను దూరంగా ఉంచామని ప్రభుత్వం వాదించగా, ఇందులో ఇంత గోప్యత దేనికని హైకోర్టు అడిగింది. చివరకు 27వ తేదీన విలేఖరులను అధికారులే వెంటబెట్టుకుని తీసుకెళ్లి చూపించారు. అప్పటికి పని చాలావరకు ముగిసింది. చూపించింది శిథిలాలను, కూల్చివేతను కాదు.

ఈ రెండింటినీ కలిపి చదివితే తేలేది ఒకటే. ఏ కూల్చివేత ప్రదర్శన కావాలో, ఏది రహస్యం కావాలో కూల్చేవారే నిర్ణయిస్తున్నారు. తమకు కీర్తి తెస్తుందనుకుంటే కెమెరాకు పీట వేస్తారు, ప్రశ్న తెస్తుందనుకుంటే బారికేడు వేస్తారు. రెండు భవనాలూ ప్రజాధనంతో నడిచినవే. ప్రజల సొమ్ముతో నిలిచిన గోడ ప్రజల కంటి ఎదుట కాక మరెక్కడ కూలాలి? ఇది ఏ ఒక్క పార్టీ మీద అభియోగమూ కాదు. రేపు మరొకరు వస్తారు. వారి చేతిలోనూ ఆ పీటా, ఆ బారికేడూ ఉంటాయి.

ఇంకొక అడుగు ముందుకు వేద్దాం. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజరు కూల్చివేతల మీద తీర్పు ఇస్తూ కొన్ని కట్టుబాట్లు విధించింది. కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. కూల్చివేతనంతా వీడియో తీయాలి. ఆ వీడియోను భద్రపరచాలి. చాలా మంచి మాట. సాక్ష్యం లేకుండా గోడ పడరాదని దేశపు అత్యున్నత న్యాయస్థానమే అంగీకరించిందన్నమాట. అయితే ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆ కెమెరా పట్టేది కూల్చే అధికారుల పక్షమే. రెండు, రోడ్డు, ఫుట్‌పాత్, రైలుమార్గం పక్కన, నదులు, జలాశయాల వద్ద ఉన్న అనధికార కట్టడాలకు, న్యాయస్థానమే కూల్చమన్న వాటికి ఈ కట్టుబాట్లు వర్తించవు. ఇప్పుడు మూసీ ఒడ్డును తలచుకోండి. 2024 సెప్టెంబరు చివర చాదర్‌ఘాట్ వైపు బస్తీల గోడల మీద అధికారులు ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ ఎక్స్’ అని రాసి వెళ్లారు. అక్టోబరు మొదట్లో, డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలిన వారి ఇళ్లు కూల్చడం మొదలైంది. నదిగర్భమన్న ముద్ర పడిన ఇల్లు ఆ మినహాయింపు నీడలోకి వెళ్లిపోతుంది. ఎవరి ఇంటికి సాక్షి అత్యవసరమో వారి ఇంటి దగ్గరే సర్కారు కెమెరాకు సెలవు దొరుకుతున్నది. ఆ లోటు పూడ్చగలిగింది వీధిలో నిలబడిన పౌరుడి కెమెరా ఒక్కటే.

“పోయేది ఎలాగూ పోతుంది, బొమ్మ తీసి ఏం లాభం?” అని అడిగే పెద్దలున్నారు. వారిని అమరావతికి తీసుకెళ్లాలని ఉంది. నేటి రాజధానికి కాదు, స్తూపం దగ్గరకు. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తుండగా, స్తూపం దిబ్బను తవ్వి రాళ్లు కట్టుబడికి తరలించారు. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో చిత్రకారులతో తిరిగి వచ్చేసరికి స్తూపం నడుమ భాగం చెరువు గుంటగా మారింది. మిగిలిన ఫలకాలను అతని మనుషులు ఒక్కొక్కటిగా కొలతలతో గీశారు. ఆ చిత్రాల సంపుటం నేడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అందులో కనిపించే శిల్పాలు కొన్ని ఇప్పుడు భూమి మీద ఎక్కడా లేవు. ఆ గీతలే వాటికి మిగిలిన ఒంటరి ఉనికి. కెమెరా ఇంకా పుట్టని రోజుల్లో, పరాయి ప్రభుత్వపు సర్వేయరు కూలుతున్న కట్టడం ముందు కూర్చుని చేసిన పనిని, ప్రతి జేబులోనూ కెమెరా ఉన్న మనం చేయలేకపోతున్నామంటే ఆ సిగ్గు ఎవరిది?

చేస్తున్నాం కదా, రోజూ వందల ఫొటోలు కనబడుతున్నాయి కదా అంటారా? అక్కడికే వస్తున్నాను. నా రెండవ తగవు మన ఫొటోగ్రాఫర్లతో.

మన నగరాల కూల్చివేత ఫొటోలలో అత్యధికం ఒకే మూస. సాయంకాలపు ఎండలో ధూళి లేస్తుంటుంది. సగం విరిగిన కమాను వెనుక నారింజరంగు ఆకాశం ఉంటుంది. ముందు పొక్లెయిన్ చెయ్యి రాక్షసి గోరులా వంగి ఉంటుంది. కింద ‘కాలగర్భంలో’ అని ఒక మాట. ఏ వీధి? ఎన్నో నంబరు ఇల్లు? ఏ రోజు? లోపల ఎవరుండేవారు? ఎవరు కొన్నారు, ఎవరి అనుమతితో కూల్చారు? ఒక్కదానికీ సమాధానం ఉండదు. ఊరూ పేరూ లేని ఆ బొమ్మ ఎవరి మీదా అభియోగం మోపదు. చూసినవారు ‘అయ్యో’ అని, ఆ అయ్యో అన్నందుకే తృప్తిపడి ముందుకు పోతారు. బాధను అలంకారంగా మార్చిన ఛాయాచిత్రం కూల్చేవాడికి ఏ ఇబ్బందీ కలిగించదు. పైగా అతని కొత్త భవనం స్వాగతమందిరంలో తగిలించుకోవడానికి పనికివస్తుంది.

పారిస్ నగరాన్ని ఓస్మాన్ తిరగరాస్తున్న 1860లలో, పడగొట్టబోయే పాత వీధులను ఫొటో తీసే పని నగరపాలకులు చార్లెస్ మార్విల్‌కు అప్పగించారు. కూల్చేవాడే ముందుగా రికార్డు చేయించాలన్న ఆ పాటి మర్యాద మనకు నేటికీ లేదు. కానీ ఆ ఫొటోలు చూడండి: తడి రాళ్లు, మూసిన తలుపులు, గోడల మీద ప్రకటనలు, దాదాపు నిర్మానుష్యమైన సందులు. ఆ వీధుల్లో బతికి, వెళ్లగొట్టబడిన జనం వాటిలో అరుదుగా తప్ప కనబడరు. వంద సంవత్సరాల తరువాత, 1967లో, న్యూయార్క్ దిగువ మన్‌హాటన్‌లో సుమారు అరవై ఎకరాల పాత కట్టడాలను పడగొడుతుంటే డానీ లయన్ అనే యువకుడు లోపలికి వెళ్లాడు. ఖాళీ గదుల్లో మిగిలిన వస్తువులను తీశాడు. గోడ మీద నిలబడి ఇటుక ఊడదీస్తున్న కూలీల ముఖాలనూ తీశాడు. ఆ పుస్తకం 1969లో వచ్చింది. మన ఫొటోలలో ఆ కూలీ ఎక్కడ? హెల్మెట్ లేకుండా, తలకు తువ్వాలు చుట్టుకుని, మూడో అంతస్తు స్లాబు అంచున డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని నిలబడే మనిషి మన ‘కాలగర్భం’లో కనబడడు. కట్టడం వైభవం కావాలి మనకు. కట్టినవాడు గాని, కూల్చేవాడు గాని అక్కరలేదు.

ఫొటో తీసినంతమాత్రాన భవనం ఆగుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆగదు, నిజమే. న్యూయార్క్ పెన్సిల్వేనియా స్టేషన్ 1963లో మొదలైన కూల్చివేతకు బలయ్యే పోయింది. ఆ దృశ్యం జనం మనసులో నాటుకున్న ఊరిలోనే 1965లో చారిత్రక కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. షికాగోలో లూయీ సలివన్ కట్టడాలు ఒక్కొక్కటే కూలుతుంటే రిచర్డ్ నికెల్ ఏళ్ల తరబడి వాటిని ఫొటో తీశాడు, శిల్పఖండాలను మోసుకొచ్చి దాచాడు. 1972లో స్టాక్ ఎక్స్చేంజి భవనపు శిథిలాల కిందే ప్రాణం విడిచాడు. ఆ భవనపు ట్రేడింగ్ గదిని తరువాత షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో తిరిగి నిర్మించారు. మన ఊళ్లోనూ 2019 సెప్టెంబరులో ఇర్రం మంజిల్ కూల్చివేతకు హైకోర్టు అడ్డుచెప్పింది. ఆ తగవు భవనం నిలబడి ఉండగానే కోర్టుకెక్కింది కాబట్టి నిలిచింది. పడ్డాక చేసే వాదనకు ఫొటో ఆధారమవుతుంది. పడకముందు తీసిన ఫొటో వాదననే సాధ్యం చేస్తుంది.

నికెల్ మరణాన్నే చూపించి, “అందుకే దగ్గరకు రానివ్వం” అనవచ్చు. ప్రమాదం అబద్ధమని నేననను. గోడ పడే దూరానికి అవతల ఒక చోటు గుర్తించి, గీత గీసి, రండి నిలబడి తీసుకోండి అనడం ఏ ఇంజనీరుకూ అసాధ్యం కాదు. ప్రమాదానికి విరుగుడు దూరం. చీకటి విరుగుడు కాదు. అలాగే, ఇల్లు కోల్పోతున్నవారి కన్నీటిని అడగకుండా తీసి అమ్ముకునే హక్కు ఏ కెమెరాకూ లేదు. ఆ ఇంటివారు వద్దంటే లెన్సు దించవలసిందే. వద్దనే అధికారం ఇంటివారికి ఉంది, ఇల్లు కూల్చడానికి వచ్చినవారికి లేదు.

కనుక నేను కోరేవి చిన్న విషయాలే. ప్రభుత్వం ఏ పాత బహిరంగ భవనాన్ని పడగొట్టదలచినా, ముందుగా లోపలా బయటా కొలతలతో ఫొటోలు తీయించి అందరికీ అందుబాటులో ఉంచాలి. అమెరికావారు 1933 నుంచి చారిత్రక కట్టడాలను ఇలాగే నమోదు చేసి తమ జాతీయ గ్రంథాలయంలో జమచేస్తున్నారు. అది ఆర్థికమాంద్యం రోజుల్లో, పని లేని వాస్తుశిల్పులకు పని కల్పించడానికి మొదలుపెట్టిన ఏర్పాటు. డబ్బు లేదన్న సాకు అక్కడే తేలిపోయింది. రెండవది, కూల్చివేత తేదీని ముందే ప్రకటించి, చూడదలచినవారికి సురక్షితమైన చోటు చూపాలి. మూడవది, అధికారులు తీసిన వీడియో బీరువాలో కాక ప్రజల ముందు ఉండాలి.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మీ వీధిలో ఇంకా నిలబడి ఉన్న మండువా లోగిలినో, పాత బడినో, మూతపడిన సినిమాహాలునో ఈ ఆదివారం వెళ్లి ఫొటో తీయండి. ఎదుటి నుంచి ఒకటి, ఇంటివారు ఒప్పుకుంటే లోపలి నుంచి నాలుగు. వారిని కూడా గుమ్మంలో నిలబెట్టి ఒకటి తీయండి. సూర్యాస్తమయం కోసం ఎదురుచూడకండి. కింద వీధి పేరు, ఇంటి నంబరు, తేదీ రాయండి. యంత్రం వచ్చిన రోజున ఆ మూడు ముక్కలే మాట్లాడతాయి.