యారాడకు బస్సు వెయ్యండి: ఓడ దిగినవాళ్లకూ, ఆటోనగర్ కార్మికులకూ ఒకే బస్సు

 

మన రేవుకు మళ్లీ ప్రయాణికుల ఓడలు వస్తున్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ఓడ ‘ఎంప్రెస్’ విశాఖ వచ్చి, ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు జనాన్ని ఎక్కించుకుపోయింది. ఆ తర్వాత ఔటర్ హార్బర్‌లో సుమారు రూ.96 కోట్లతో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కట్టారు. 2023 సెప్టెంబర్ 4న కేంద్ర ఓడరేవుల మంత్రి సర్బానంద సోనోవాల్ దాన్ని ప్రారంభించారు. రెండు వేల మంది ఒక్కసారి దిగినా సరిపోయేలా కట్టిన భవనం అది. 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే విదేశీ ఓడ అక్కడ లంగరేసింది. 2025 జూలైలో కార్డీలియా మళ్లీ వచ్చింది.

ఇది మనకు కొత్త కాదు. 1933 అక్టోబర్ 7న విశాఖ రేవులోకి మొట్టమొదట వచ్చిన ‘జలదుర్గ’ ప్రయాణికుల ఓడే. అది సింధియా కంపెనీది. ఆ కంపెనీ పేరే ఇవాళ మన సింధియా జంక్షన్‌కు మిగిలింది. రోజూ ఆ జంక్షన్‌లో బస్సు మారే మనం ఓడ ప్రయాణికుల గురించి మాట్లాడితే అది పరాయి సంగతి ఎలా అవుతుంది?

మేం కోరేది ఒకటే. ఓడ దిగినవాళ్లు సముద్రతీరానికి వెళ్లడానికి ఆర్టీసీ సిటీ బస్సు ఉండాలి. ఆ బస్సు యారాడ దాకా వెళ్లాలి. అదే బస్సు ఓడ వచ్చిన రోజూ, రాని రోజూ ఆటోనగర్, గాజువాక జనానికి కూడా నడవాలి.

ఓడలో వచ్చినవాళ్ల పరిస్థితి ముందు చూద్దాం. చాలా ఓడలు పొద్దున్న ఆగి సాయంత్రం కదులుతాయి. ఎక్కడం, దిగడం, సెక్యూరిటీ, తనిఖీలు పోగా ఊరు చూడటానికి మిగిలేది ఆరేడు గంటలు. బయల్దేరే టైముకు ఎంతో ముందే అందరూ తిరిగి ఓడెక్కాలి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. అందుకే ఓడ మనిషి ఎప్పుడు బయల్దేరాలా అని కాకుండా ఎప్పటికి తిరిగి చేరతానా అని చూసుకుంటాడు. వేళ తప్పని బస్సు ఒకటి ఉందని తెలిస్తే ధైర్యంగా బయటికి వస్తాడు. లేదంటే ఓడ కంపెనీ అమ్మే టూరు కొనుక్కుంటాడు, లేదా డెక్కు మీదే కూర్చుండిపోతాడు. ఓడలోనే ఉండిపోయినవాడు మన ఊళ్లో ఒక్క కొబ్బరిబోండం కూడా కొనడు.

ఇంకో సంగతి. కార్డీలియాలో వచ్చేవాళ్లలో ఎక్కువమంది మన దేశంవాళ్లే. పుట్టినప్పటి నుంచీ బస్సులెక్కినవాళ్లు. వాళ్లకు ఏసీ కారు పంపించక్కర్లేదు. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎన్నింటికి తిరిగొస్తుందో చెబితే చాలు.

ఓడలో పనిచేసేవాళ్ల మాట కూడా చెప్పాలి. క్రూయిజ్ ఓడ అంటే మనకు డాన్సులూ దీపాలూ గుర్తొస్తాయి. కానీ ఆ ఓడ అడుగున ఇంజను గదిలో, వంటశాలలో, లాండ్రీలో పనిచేసేవాళ్లు నెలల తరబడి నేల తొక్కకుండా బతుకుతారు. రేవులో షిఫ్టు కుదిరితే వాళ్లకు దొరికేది రెండు మూడు గంటలు. ఇంటికి ఫోను చేసుకోవాలి, సబ్బులూ మందులూ కొనుక్కోవాలి, కాస్త ఇసక మీద నడవాలి. జీతంలో ఎక్కువ భాగం ఇంటికి పంపేవాళ్లు వందల రూపాయలు పెట్టి కారెక్కలేరు. వాళ్లు ఎక్కేది బస్సే. గ్రీజు చేతులతో పనిచేసే ఆటోనగర్‌కు వాళ్ల కష్టం వేరే చెప్పక్కర్లేదు.

ఇక మన సంగతి. గాజువాక సముద్రం పక్కనే ఉంది. కానీ ఆ సముద్రాన్ని తాకడానికి మనకు దారి ఏది? డాల్ఫిన్స్ నోస్ దగ్గర నుంచి తీరం వెంబడి దక్షిణంగా చూసుకుంటూ రండి. నేవీ ఉంది, గంగవరం పోర్టు ఉంది, స్టీల్‌ప్లాంట్ ఉంది. లోపలివైపు షిప్‌యార్డు, రిఫైనరీ. దేశానికి ఇవి కావాలి. మనలో చాలామందికి కూడు పెడుతున్నదీ ఇవే. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీ అది. దాన్ని కాదనేవాళ్లం కాము. కానీ ఈ గోడలన్నిటి మధ్య మనకు మిగిలిన తీరం యారాడ, ఇంకాస్త అవతల అప్పికొండ. ఆ రెండింటికైనా సామాన్యుడు బస్సులో పోయి రాగలగాలి.

యారాడ గురించి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం. మ్యాపులో అది దీవి కాదు, వెళ్లే దారి చూస్తే మాత్రం దీవే. ఔటర్ హార్బర్ నుంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ కళ్లెదురుగా ఉంటుంది, దాని వెనకే యారాడ. నీళ్ల మీద ఆ కొండకు దూరం చానెల్ వెడల్పంతే. రోడ్డు మీద వెళ్లాలంటే లోపలి హార్బరంతా చుట్టి, సింధియా మీదుగా వచ్చి, ఘాట్ ఎక్కి దిగాలి. ఓడ దిగిన మనిషికి ఈ చుట్టు తిరుగుడు తెలియదు. ఫోనులో చూసి ‘ఇదిగో ఇక్కడేగా’ అనుకుని బయల్దేరి, తిరుగు ప్రయాణంలో గుండెలు చేతిలో పట్టుకుంటాడు.

ఏ ఆదివారం సాయంత్రమైనా సింధియా జంక్షన్‌లో పది నిమిషాలు నిలబడి చూడండి. చంకన పసివాడు, చేతిలో పులిహోర డబ్బా, మార్చుకునే బట్టల సంచీతో ఒక తల్లి. పక్కన మొగుడు, అత్తగారు, ఇంకో ఇద్దరు పిల్లలు. ఆటో అతను ‘పైకెళ్తే తిరుగు బేరం దొరకదమ్మా, రానూపోనూ ఇచ్చెయ్యాలి’ అంటాడు. అతను చెప్పేదీ అబద్ధం కాదు. ఘాట్ ఎక్కి ఖాళీ బండితో దిగితే గ్యాసు డబ్బులు ఎవరిస్తారు? కాసేపు బేరం నడుస్తుంది. పిల్లలు ఏడుస్తారు. చివరికి ‘పోనీ ఇంకో వారం చూద్దాం లే’ అని ఇంటిదారి పడతారు. ఎదురుగా కొండ, కొండకు అవతల సముద్రం, జేబులో ఆ కొండ దాటే డబ్బు లేదు. ఆటో అతనిదీ, ఆ కుటుంబానిదీ తప్పు కాదు. ఆ దారిలో వేళకు తిరిగే బస్సు ఉంటే ఆ బేరమే ఉండదు.

ఊరికి ఉత్తరాన ఏం చేశారో చూడండి. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా 2025 ఆగస్టులో విద్యుత్ డబుల్ డెక్కర్ బస్సులు ప్రారంభించారు. ఒక టికెట్టు కొంటే 24 గంటలు ఎక్కడైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా దిగొచ్చు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ ఆ దారిలోనే ఉంది. రైల్వే స్టేషన్ నుంచి భీమిలికి 900కె ఎప్పటి నుంచో నడుస్తోంది. ఇది మంచి పని. అసూయ పడటం లేదు, అదే మంచితనం దక్షిణం వైపు కూడా చూపించమంటున్నాం.

బయటి దేశాల్లో ఓడరేవు నుంచి సిటీ బస్సును ఎలా నడుపుతున్నారో చెబితే మనవాళ్లకు ఉపయోగం. అట్లాంటిక్ సముద్రంలో బెర్ముడా అనే దీవి ఉంది. ఓడలు ఆగే పాత నౌకాస్థావరం దగ్గరే సిటీ బస్సు ఆగుతుంది. 7 నంబరు బస్సు అక్కడి నుంచి దక్షిణ తీరంలోని బీచ్‌ల వెంట హామిల్టన్ పట్నానికి పోతుంది. టికెట్టు, రోజు పాసు ఓడ దిగిన చోటే అమ్ముతారు. బస్సు స్టాపు స్తంభానికి గులాబీ రంగు ఉంటే పట్నం వైపు, నీలం రంగు ఉంటే పట్నం నుంచి బయటికి. భాష రానివాడు కూడా రంగు చూసి ఎక్కేస్తాడు. పూర్వం తెలుగువాళ్లెందరో ఓడెక్కి పోయిన మలయా దేశంలో, పెనాంగ్‌లో, ఓడలు ఆగే స్వెట్టెన్‌హామ్ రేవుకు నడిచేంత దూరంలో జెట్టీ బస్టాండు ఉంది. అక్కడి నుంచి 101 బస్సు బటు ఫెరింగి బీచ్‌కు పోతుంది. ఆ బస్సుల్లో ఓడ ప్రయాణికుడి పక్కన ఆ ఊరి బడిపిల్లా, కూరగాయల సంచీ పట్టుకున్న ముసలామె కూర్చుంటారు. ఓడ కోసం వేరే బస్సు, జనం కోసం వేరే బస్సు అని విడదీయలేదు. మేం కోరేదీ సరిగ్గా అదే.

ఈ బస్సు ఎలా నడవాలో కూడా ఆలోచించాం. ఒకే సర్వీసు, రెండు దారులు: రెండు వైపుల నుంచి బస్సులు వచ్చి సింధియాలో కలవాలి. ఒకటి ఆటోనగర్ నుంచి గాజువాక, శ్రీహరిపురం, మల్కాపురం మీదుగా యారాడకు. ఇది రోజూ నడవాలి. సెలవు రోజుల్లో గంటకొకటైనా ఉండాలి, స్టీల్‌ప్లాంట్‌లో ఎ షిఫ్టు దిగినవాళ్లు ఇంటికెళ్లి పిల్లల్ని తీసుకుని పోగలిగేలా మధ్యాహ్నం వేళలు ఉండాలి. రెండోది టెర్మినల్ గేటు నుంచి కాన్వెంట్ జంక్షన్, డాక్‌యార్డ్ వంతెన మీదుగా సింధియాకు, అక్కడి నుంచి యారాడకు. ఇది ఓడ వచ్చే రోజున నడిస్తే చాలు. ఆ వంతెన మూతపడిన రోజుల్లో మల్కాపురం జనం పడిన పాట్లు అందరికీ తెలుసు. వంతెన మీద బస్సు వెళ్లలేని పరిస్థితి వస్తే, ఓడవాళ్లను ఆర్కే బీచ్‌కే తీసుకెళ్లాలి, గాజువాక చుట్టూ తిప్పి వాళ్ల టైము మింగెయ్యకూడదు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది, టీయూ-142 విమానం ఉంది, సగం రోజుకు అవే ఎక్కువ.

పోర్టు లోపల నడిచి తిరగనివ్వరు, క్రేన్లూ లారీలూ ఉన్న చోట అది సరైనదే. కాబట్టి ఓడ దగ్గర నుంచి గేటు దాకా పోర్టువాళ్లు షటిల్ నడపాలి, గేటు బయట ఆర్టీసీ బస్సు సిద్ధంగా ఉండాలి. లెక్క పెద్దదేం కాదు. రెండు వేల మందిలో పదో వంతు బస్సు కావాలన్నా రెండు వందల మంది. నాలుగైదు బస్సులు తిరిగితే సరిపోతుంది. లక్షల మంది వచ్చే సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు బస్సులు నడిపే ఆర్టీసీకి ఇది ఎంత?

టికెట్టు విషయంలో ఒక చిక్కుంది, దాన్ని ముందే తేల్చాలి. విదేశీ ప్రయాణికుడి దగ్గర మన చిల్లర ఉండదు, ఫోన్‌పే ఉండదు. బస్సెక్కాక కండక్టరుతో వాదన పెట్టుకోవాల్సి వస్తుంది. టెర్మినల్‌లోనే ఒక కౌంటరు పెట్టి, కార్డు తీసుకుని రోజు పాసు ఇవ్వాలి. డబుల్ డెక్కర్ టికెట్టు కొన్నవాళ్లకు యారాడ బస్సులోనూ అదే చెల్లాలి. బోర్డు తెలుగుతోపాటు ఇంగ్లిషులో, హిందీలో ఉండాలి. యారాడలో ఆఖరి బస్సు ఎన్నింటికో చెట్టుకు కట్టిన అట్టముక్క మీద కాకుండా, దూరం నుంచి కనిపించే పెద్ద బోర్డు మీద రాయాలి.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఇది: ఈ బస్సు సిటీ ఆర్డినరీగానో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌గానో నడవాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలో మన ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉన్నది ఇలాంటి బస్సుల్లోనే. ‘టూరిస్టు స్పెషల్’ అని పేరు మార్చి ఏసీ బస్సు వేస్తే గాజువాక ఆడపడుచులు మళ్లీ రోడ్డు పక్కనే మిగిలిపోతారు. ఆ పేరుతో మమ్మల్ని మభ్యపెట్టవద్దు.

‘రోజూ ఓడ రాదుగా, బస్సెందుకు?’ అంటారు కొందరు. ఓడ రోజూ రాదు కాబట్టే ఓడ కోసం మాత్రమే వేసిన బస్సు నిలబడదు. రెండుసార్లు ఫొటోలకు నడిచి ఆగిపోతుంది. రోజూ మనం ఎక్కే బస్సయితే ఓడ వచ్చిన నాడు దానికి ఇంకో నాలుగు ట్రిప్పులు కలిపితే సరిపోతుంది.

‘ఆటోవాళ్ల పొట్ట కొడతారా?’ అంటారు. కొట్టం. వాళ్లూ మన గాజువాకవాళ్లే, మన ఆటోనగర్‌లోనే బండి బాగు చేయించుకునేవాళ్లు. టెర్మినల్ గేటు దగ్గర వాళ్లకు ప్రీపెయిడ్ స్టాండు పెట్టి, ఎక్కడికి ఎంతో బోర్డు మీద రాయాలి. ముసలివాళ్లు, సామాను ఉన్నవాళ్లు, తొందరలో ఉన్నవాళ్లు ఎలాగూ ఆటోయే ఎక్కుతారు. రేటు రాసి ఉంటే వాళ్ల మీద ఎవరూ నింద వెయ్యలేరు.

నేవీ ప్రాంతం కదా, భద్రత ఏమిటంటారా? నంబరు తెలిసిన, డ్రైవరు తెలిసిన ఒక్క ఆర్టీసీ బస్సును తనిఖీ చెయ్యడం తేలికా, ముప్పై ప్రైవేటు బండ్లను తనిఖీ చెయ్యడం తేలికా? ఘాట్ మలుపులకు చిన్న బస్సు వెయ్యండి. పాడేరు ఘాట్‌లో రోజూ బస్సు తిప్పే డ్రైవర్లు మన జోనులో ఉన్నారు.

యారాడ సముద్రం అందంగా ఉంటుంది, లాగేస్తుంది కూడా. అక్కడ ప్రాణాలు పోయాయి. బస్సు వేసినవాళ్లు లైఫ్‌గార్డులను కూడా పెట్టాలి, ఎర్రజెండాలు పాతాలి, ఎక్కడ దిగకూడదో గట్టిగా చెప్పాలి. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, మంచినీళ్లు కావాలి. ఆడవాళ్లు రాకపోవడానికి సగం కారణం ఇవి లేకపోవడమే. అక్కడ మురీ మిక్చర్, మొక్కజొన్న పొత్తులు, కొబ్బరిబోండాలు అమ్ముకునే హక్కు ముందు యారాడ ఊరివాళ్లకే ఉండాలి. బయటి కాంట్రాక్టరు వచ్చి వాళ్ల బళ్లను తోసెయ్యకూడదు. పోర్టు వచ్చినప్పుడు గంగవరం జాలరులు తీరం ఎలా పోగొట్టుకున్నారో ఈ ప్రాంతం మరిచిపోలేదు.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. ఆటోనగర్‌లో ప్రతి షెడ్డు నుంచి ఒకరు, ప్రతి వీధి నుంచి ఒక ఇల్లాలు అర్జీ పట్టుకుని వెళ్లండి. ఒక కాపీ ఆర్టీసీ రీజినల్ మేనేజరుకు, ఒకటి పోర్టు అథారిటీ ఛైర్‌పర్సన్‌కు, ఒకటి జీవీఎంసీ కమిషనర్‌కు, ఒకటి మన ఎమ్మెల్యేకు ఇవ్వండి. అర్జీలో రెండు వాక్యాలు చాలు: ‘ఆటోనగర్ నుంచి సింధియా మీదుగా యారాడకు రోజూ సిటీ ఆర్డినరీ బస్సు వెయ్యాలి. ఓడ వచ్చే రోజున క్రూయిజ్ టెర్మినల్ గేటు నుంచి దానికి కలిపి ట్రిప్పులు నడపాలి.’ కింద పేరు, వీధి, సంతకం పెట్టండి. ఇచ్చిన రశీదు నంబరు దాచుకోండి, జవాబు రాకపోతే వచ్చే సోమవారం అదే నంబరుతో మళ్లీ వెళ్లండి.

ఆటోనగర్, గాజువాక బస్సు ప్రయాణికులు