గ్రౌండులోకి వెళ్లే దారి ఆస్పత్రి మీదుగానే

2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం ఖతార్‌లో స్టేడియాలు లేస్తున్నప్పుడు ఆ ఎండలో ఇనుము కట్టినవాళ్లలో, కాంక్రీటు పోసినవాళ్లలో మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎందరో ఉన్నారు. 2034 ప్రపంచ కప్పు సౌదీలో జరుగుతుందని 2024 డిసెంబర్‌లో ఖాయమైంది. ఈసారి క్యాంపుల్లో శుక్రవారం కబుర్లలో పని గురించే కాదు, పిల్లల చదువు గురించి కూడా ఒక ప్రశ్న వినిపిస్తోంది. "మావాడు బీపీటీ చదువుతున్నాడన్నా. ఫుట్‌బాల్ టీంలోనో ఐపీఎల్‌లోనో ఫిజియోగా పెట్టిస్తానంటున్నాడు ఏజెంటు. అయ్యే పనేనా?"

ఫిజియో ఉద్యోగం అయ్యే పనే. ఏజెంటు పెట్టించడం మాత్రం అయ్యే పని కాదు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే ఏళ్ల తరబడి ఇక్కడ కూడబెట్టిన దీనార్లు, రియాళ్లు నీళ్లలో పోసినట్టే.

టీవీలో మనకు కనిపించేది అర నిమిషం పని. ఆటగాడు కింద పడతాడు, బ్యాగు పట్టుకుని ఒకాయన పరుగెత్తుకొస్తాడు, ఏదో స్ప్రే కొడతాడు, వెళ్లిపోతాడు. మాలీష్ చేసే మనిషి అనుకుంటారు చాలామంది. అసలు పని కెమెరా లేని చోట ఉంటుంది. 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదంలో రిషభ్ పంత్ మోకాలి లిగమెంట్లు దెబ్బతిన్నాయి. అతను ఆటకు ఫిట్ అని బీసీసీఐ ప్రకటించింది 2024 మార్చిలో. అంటే 14 నెలలు. కాలు మడవడం, నిలబడటం, నడవడం, పరుగెత్తడం, చివరకు వికెట్ల వెనుక గుంజీలు తీసినట్టు కూర్చుని లేవడం. ఒక్కో మెట్టూ ఎక్కించింది బెంగళూరు జాతీయ క్రికెట్ అకాడమీలోని ఫిజియోలు, ట్రైనర్లు. వాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఇక్కడే అసలు చిక్కు. మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు తెగి ఆపరేషన్ అయిన ఆటగాడికి ఆరో నెలకల్లా బాగానే అనిపిస్తుంది. నొప్పి ఉండదు, పరుగూ వస్తుంది. కోచ్ ఆడమంటాడు, ఆటగాడు సై అంటాడు. కానీ అమెరికా, నార్వే పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. తొమ్మిదో నెల దాకా ఒక్కో నెల ఆగిన కొద్దీ మళ్లీ గాయమయ్యే ముప్పు దాదాపు సగానికి తగ్గిందని అందులో తేలింది. కాబట్టి ఆరో నెలలో "ఇప్పుడే వద్దు" అని చెప్పాల్సినవాడు ఫిజియో. ఆ మాట చెప్పేది ఎవరికి? తనకు జీతమిచ్చే టీంకే.

ఆ మాటకు ఎంత బరువుంటుందో 2015లో ఇంగ్లండ్‌లో చూశాం. ఆగస్టు 8న చెల్సీ, స్వాన్సీ మ్యాచ్. గోల్‌కీపర్‌కు రెడ్ కార్డు పడటంతో చెల్సీ అప్పటికే పది మందితో ఆడుతోంది. ఆట చివరి నిమిషాల్లో హజార్డ్ పడిపోయాడు. రిఫరీ రమ్మని సైగ చేయగానే డాక్టర్ ఇవా కార్నీరో, ఫిజియో జాన్ ఫెర్న్ లోపలికి పరుగెత్తారు. వైద్యం తీసుకున్న ఆటగాడు కాసేపు బయటికి రావాలన్నది రూలు. దాంతో టీం తొమ్మిది మందికి పడిపోయింది. మ్యాచ్ 2-2తో డ్రా అయ్యింది. మేనేజర్ మొరీనో అందరి ముందూ వాళ్ల మీద మండిపడ్డాడు. తర్వాతి మ్యాచ్‌కు ఇద్దరినీ బెంచి మీద కూర్చోనివ్వలేదు. సెప్టెంబర్‌లో కార్నీరో క్లబ్బు వదిలారు, కేసు వేశారు. 2016 జూన్‌లో రాజీ కుదిరి క్లబ్బు ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. గెలిచింది ఆమే. కానీ ఆ బెంచి మీదికి మళ్లీ రాలేదు.

యూరప్ పెద్ద క్లబ్బుల మీద యుఎఫా చేయించిన గాయాల అధ్యయనం ఇంకో సంగతి చెబుతుంది. హెడ్ కోచ్‌కూ వైద్య బృందానికీ మాటలు సరిగా సాగని క్లబ్బుల్లో గాయాల భారం ఎక్కువగా ఉందని 2019లో ఆ పరిశోధకులు రాశారు. కోచ్‌తో పొసగడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే అన్నమాట. కోచ్ మారితే కొన్నిసార్లు సిబ్బందీ మారతారు. పర్మనెంట్ నౌకరీ అనుకుని వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మన దేశం సంగతి చూద్దాం. 1999లో భారత క్రికెట్ జట్టుకు ఆండ్రూ లీపస్ ఫిజియోగా వచ్చాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ కుర్చీలో విదేశీయులే ఎక్కువగా కనిపించారు. జాన్ గ్లోస్టర్, పాట్రిక్ ఫర్హార్ట్ అలా వచ్చినవాళ్లే. తర్వాత నితిన్ పటేల్, 2022 నుంచి కమలేశ్ జైన్ ఆ పని చేశారు. జైన్ అంతకు ముందు ఏళ్ల తరబడి కోల్‌కతా నైట్ రైడర్స్‌లో ఉన్నాడు. తలుపు తెరుచుకుంది, కాదనలేం. కానీ ఐపీఎల్‌లో ఉన్నది పది టీంలు, సీజను రెండు నెలలు. ఏటా వేలమంది బీపీటీ పట్టాలతో బయటికొస్తుంటే ఆ కుర్చీలు ఎన్ని?

అందుకే పెద్ద టీం పేరు వెంట పడకుండా కింది మెట్ల మీద కన్నేయాలి. రంజీ జట్లు, కబడ్డీ, ఫుట్‌బాల్ అకాడమీలు, అన్నిటికన్నా ముందు మన హైదరాబాద్ బ్యాడ్మింటన్. గచ్చిబౌలిలో అకాడమీ పెట్టిన గోపీచంద్ స్వయంగా మోకాలి ఆపరేషన్లు చేయించుకుని, తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడు. ఫిజియో విలువ ఆయనకు ఒకరు చెప్పాలా? ఇంటర్న్‌షిప్‌తో కలిపి బీపీటీకి నాలుగున్నర నుంచి ఐదేళ్లు, స్పోర్ట్స్‌లో ఎంపీటీకి ఇంకో రెండేళ్లు పడతాయి. మధ్యలో ఆర్థోపెడిక్ వార్డులో రెండు మూడేళ్లు పనిచేయాలి. అక్కడ మామూలు రైతు మోకాలు, కూలీ నడుం పట్టి చూడనివాడికి ఆటగాడి మోకాలు ఏం అర్థమవుతుంది?

ఇక మనం ఉంటున్న గల్ఫ్. దోహాలో ఖలీఫా స్టేడియం పక్కనే 2007లో తెరిచిన ఆస్పెటార్ ఆస్పత్రి ఉంది. ఆటగాళ్ల గాయాలకు ప్రపంచంలో పేరున్న చోటు. 2023 మార్చిలో నెయ్‌మార్ చీలమండకు ఆపరేషన్ జరిగింది అక్కడే. అదే ఏడాది జూన్‌లో సౌదీ ప్రభుత్వ నిధి నాలుగు పెద్ద క్లబ్బులను చేతిలోకి తీసుకుంది. అవకాశాలు పెరుగుతాయి, నిజమే. అయితే మొదటి జట్టు దగ్గర పేరున్న కోచ్‌లు తమకు అలవాటైన మనుషులనే కోరుకుంటారు. మన పిల్లలకు ముందుగా దొరికేది ఆస్పత్రుల్లో, రీహాబ్ సెంటర్లలో, పిల్లల అకాడమీల్లో అని నా అంచనా.

ఎక్కడైనా సరే, లైసెన్సు లేకుండా రోగి మీద చెయ్యి వేయకూడదు. సౌదీలో హెల్త్ స్పెషాలిటీస్ కమిషన్, దుబాయిలో డీహెచ్‌ఏ, ఖతార్‌లో ఆరోగ్య శాఖ దీన్ని చూస్తాయి. సర్టిఫికెట్లు నిజమైనవా కావా అని కాలేజీనే నేరుగా అడిగి తేల్చుకుంటారు. పరీక్ష పెడతారు, డిగ్రీ తర్వాతి అనుభవమూ చూస్తారు. ఇంగ్లండ్‌కు వెళ్తే హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో పేరుండాలి, లేకపోతే ఫిజియోథెరపిస్టు అని చెప్పుకోవడమే నేరం. మన దగ్గర కూడా ఈ వృత్తులకు 2021లో జాతీయ చట్టం వచ్చింది. కాలేజీలో సీటు తీసుకునే ముందే గుర్తింపు, రిజిస్ట్రేషన్ సంగతి అడిగి తెలుసుకోండి. తర్వాత ఏడ్చి లాభం లేదు.

ఏజెంటు విషయానికొస్తే, భారత ప్రభుత్వ నిబంధనల ప్రకారం లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జి 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతే. 'క్లబ్బు వీసా' అని లక్షలు అడిగితే అతని రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడండి. వీసా మీద హోదా ఏమని రాసి ఉందో అరబిక్ చదివేవాళ్లతో చదివించండి. మసాజ్ సెంటర్ పనివాడి వీసా మీద వచ్చినవాడు ఫిజియో కాలేడు. విజిట్ వీసా మీద వచ్చి గడువు దాటితే ఖల్లివెల్లి లెక్కలోకి పోతాడు. కొడుకు ఫోన్ చేసినప్పుడు ఏ టీం అని అడిగే ముందు, ఏ వార్డులో పనిచేస్తున్నాడో, ఎన్ని నెలలైందో అడగండి.