ఒక్క పేరుకే చోటా?

సాహిత్య పత్రికకు బట్టలతో ఏం పని అని అడిగేవాళ్లకు కొదవ లేదు. చిత్రకారుడికి నాలుగు పేజీలిస్తే ఎవరూ అడగరు. ఈ చిన్నచూపుకు మూలం ఒక పాత నమ్మకం: ఒక్కరే కూర్చుని చేసి, కింద సంతకం పెడితేనే కళ అట. కాలిఫోర్నియా అక్కాచెల్లెళ్లు కేట్, లారా ములీవీల పని ఆ నమ్మకానికి లొంగదు. 2005లో తల్లి పుట్టింటి పేరు మీదుగా 'రోడార్టే' ఫ్యాషన్ సంస్థను మొదలుపెట్టిన ఈ ఇద్దరూ ఫ్యాషన్ బడిమెట్లు ఎక్కినవాళ్లు కారు. బర్క్‌లీలో అక్క కళాచరిత్ర చదివింది, చెల్లెలు ఆంగ్లసాహిత్యం చదివింది. గుడ్డను కాల్చారు, గరుకు కాగితంతో రుద్దారు, నూలును సాలెగూడులా అల్లారు. అందులో అక్క వాటా ఎంతో, చెల్లెలి వాటా ఎంతో ఎవరు తేల్చగలరు? తేల్చాల్సిన అవసరమైనా ఏముంది?

అవార్డులకు మాత్రం తేల్చాలి. 2010లో వచ్చిన 'బ్లాక్ స్వాన్' సినిమాలో బాలే దుస్తుల రూపకల్పనలో వీళ్ల చెయ్యి ఉంది. కాస్ట్యూమ్ డిజైనర్‌గా పేరు ఎమీ వెస్ట్‌కాట్‌ది, బాఫ్టా నామినేషనూ ఆమెకే. ఆ ఘనత ఎవరిదని పెద్ద రచ్చే జరిగింది. సినిమా మొత్తం దుస్తుల భారం మోసిన వెస్ట్‌కాట్‌ను మేం తప్పుపట్టడం లేదు. పలువురు కలిసి చేసిన పనిని ఒక్క పేరు కింద సర్దేసే పద్ధతే అన్యాయం. మ్యూజియం గోడల మధ్య ఈ చిక్కు రాదు. ఇటలీ చిత్రకారుడు ఫ్రా ఏంజెలికో కుడ్యచిత్రాల స్ఫూర్తితో వీళ్లు చేసిన గౌన్లను లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియం తన సేకరణలో చేర్చుకుంది. వాషింగ్టన్‌లోని మహిళా కళాకారుల జాతీయ మ్యూజియం తన తొలి ఫ్యాషన్ ప్రదర్శనను 2018లో వీళ్లకే ఇచ్చింది. గాజు వెనక కదలకుండా నిలబడితే కళ, ఒంటిమీద చెమటకు తడిస్తే ఉడుపు! ఈ తేడాను మేం ఒప్పుకోం.

అమ్ముకునే సరుకు కళ ఎలా అవుతుందంటారా? ఫ్రా ఏంజెలికో కూడా అడిగినవాళ్ల కోసమే గీశాడు. మెక్సికోలోని హ్వారెజ్ కార్మిక స్త్రీల బతుకును 2010లో వీళ్లు అలంకారానికి వాడుకున్నారన్న విమర్శ న్యాయమైనదే, వీళ్లు క్షమాపణ కూడా చెప్పారు. అయితే వట్టి గుడ్డను అలా ఎవరూ నిలదీయరు, అర్థం ఉన్నదాన్నే నిలదీస్తారు. మన దగ్గరా ఇదే కథ: శ్రీకాళహస్తి కలంకారీలో గీసే చెయ్యి, రంగులద్దే చెయ్యి, స్వర్ణముఖి నదిలో గుడ్డ ఉతికే చెయ్యి వేరువేరుగా ఉండవచ్చు. ఆ కలంకారీని హస్తకళల విభాగానికి పంపి, కాన్వాసును గ్యాలరీలో ఉంచుతున్న సంస్థలు ముందుగా ఆ చేతులన్నిటి పేర్లూ పలకపై రాయాలి.