బోస్టన్ గెలుపు, మినియాపోలిస్ అలక

"మేము నీళ్ళు పోసి పెంచిన చెట్టు. కాయలు మాత్రం మీరు కోసుకున్నారు" అని మినియాపోలిస్‌లో ఉండే నా మిత్రుడొకడు ఏళ్ళ తరబడి నన్ను దెప్పుతూనే ఉన్నాడు. తగవు 2007–08 నాటి బోస్టన్ సెల్టిక్స్ జట్టు గురించి. నేనప్పుడు బోస్టన్ చేరువలోనే ఉండేవాణ్ణి. బాస్కెట్‌బాల్ పట్ల ఆసక్తి లేని మిత్రులు కాస్త ఓపిక పట్టగలరు.

2006–07లో ఆ జట్టు ఆడిన 82 ఆటల్లో గెలిచినవి 24. నడుమ వరసగా 18 ఆటలు ఓడిపోయింది. అంతకుముందు పదహారు మార్లు విజేతగా నిలిచిన జట్టది, ఆఖరిది 1986లో. ఆ వేసవిలో సియాటిల్ నుండి రే ఆలెన్‌నూ, మిన్నెసోటా నుండి కెవిన్ గార్నెట్‌నూ తెచ్చుకున్నారు. గార్నెట్ ఒక్కడి కోసం అయిదుగురు ఆటగాళ్ళను ధారపోశారు. అది చాలక, కొత్తవారిని ఎంచుకునే తమ వంతులు రెండు కూడా ఇచ్చుకున్నారు. పాల్ పియర్స్ అప్పటికే బోస్టన్‌లో ఉన్నాడు. మరుసటి యేడు 66 గెలుపులు, 16 ఓటములు. ఒక్క యేటిలో అంత ఎదుగుదల ఎన్‌బీఏ చరిత్రలో అంతకు ముందు లేదు.

కనుక ఇది కొనితెచ్చుకున్న గెలుపని నా మిత్రుడి వాదం. నేను ఒప్పుకోను.

మన సినిమాల్లో ఇద్దరు కథానాయకులు కలిసి నటిస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. పాటలు ఎవరికెన్ని, పోరాటాలు ఎవరికెన్ని, తెరమీద ముందుగా పడిన పేరెవరిది అని అభిమానులు లెక్కలు కడతారు (చిన్నప్పుడు నేనూ కట్టినవాణ్ణే). ఇక్కడ ముగ్గురు, ముగ్గురూ తమ తమ జట్లను ఏకచ్ఛత్రంగా ఏలినవారు. ముందటి యేడు ఆలెన్ ఆటకు సగటున 26.4 పాయింట్లు చేశాడు, బోస్టన్‌లో 17.4. పియర్స్ 25 నుండి 19.6కు, గార్నెట్ 22.4 నుండి 18.8కు దిగారు. కూడి చూస్తే ఆటకు సరిగ్గా 18 పాయింట్లు ముగ్గురూ కలిసి వదులుకున్నారు. ఆ వదులుకోవడం ఏ ఒప్పంద పత్రంలో రాయించుకోగలరు? అది కొంటే వచ్చేది కాదు. గార్నెట్ చేసిన పనిలో సగం పాయింట్ల పట్టికకెక్కనే ఎక్కదు. వెనక నిలబడి, అరిచి అరిచి, ఎవరెక్కడ అడ్డుకోవాలో చెబుతూ ఆ యేటి ఉత్తమ రక్షకుడిగా ఎంపికయ్యాడు. శిక్షకుడు డాక్ రివర్స్ వారికి నేర్పిన నినాదం "ఉబుంటు". మన బ్లాగరులకు ఆ మాట వినగానే లినక్సే తలపుకు వస్తుంది గాని, 'నలుగురూ ఉంటేనే నేను' అనే అర్థంలో దక్షిణాఫ్రికా నుండి వచ్చిన మాట అది.

పోనీ, అంత సులువుగా గెలిచారా అంటే అదీ లేదు. కేవలం 37 గెలుపుల అట్లాంటా మొదటి అంచెలోనే ఏడు ఆటలదాకా ఈడ్చింది. తరువాత క్లీవ్‌లాండ్ కూడా అంతే. ఆ రెండు అంచెల్లోనూ పరాయి ఊళ్ళో ఒక్క ఆటా గెలవలేకపోయారు. లాస్ ఏంజెలెస్‌తో తుదిపోరు నాలుగో ఆటలో 24 పాయింట్లు వెనకబడి, చివరకు 97–91తో బయటపడ్డారు. ఆరో ఆట 131–92. దానితో 22 ఏళ్ళ నిరీక్షణ తీరింది.

అయితే, నా మిత్రుడి దుఃఖాన్ని నేను తేలికగా తీసిపారేసిన మాట కూడా నిజం. నేను సంబరపడిన ఆ యేడే మిన్నెసోటా గెలిచినవి 22, సియాటిల్ గెలిచినవి 20. ఆ వేసవిలో సియాటిల్ జట్టు ఏకంగా ఓక్లహామాకు తరలిపోయింది. దానికి ఆలెన్ వెళ్ళిపోవడం కారణం కాదు గాని, ఆ ఊరివాళ్ళకు ఒక దెబ్బ మీద ఇంకొకటి. కొడుకు చేయి పట్టుకుని గార్నెట్ ఆట చూడబోయే మనిషికి నేను సగటు లెక్కలు ఏకరువు పెట్టాను! కాకపోతే అతడి అలక చేరవలసిన చిరునామా వేరని ఇప్పటికీ అంటాను. పన్నెండేళ్ళు ఆ ఊరినే నమ్ముకున్న ఆటగాడికి తోడుగా సరైన జట్టును కూర్చలేక, చివరి మూడేళ్ళూ ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కించలేకపోయినవారు యాజమాన్యం. వెళ్ళినవాడి మీదా కోపం?

2015 ఫిబ్రవరిలో, ముప్పైఎనిమిదేళ్ళ వయసులో, గార్నెట్ తిరిగి మిన్నెసోటాకే వచ్చాడు. సొంత మైదానంలో తొలి ఆట నాటి రాత్రి మిత్రుడు ఫోను చేశాడు. అటక మీది పెట్టెలోంచి పాత 21వ నంబరు చొక్కా తీశాడట, పొట్ట దగ్గర బిగుతైందట. బోస్టన్ ఊసు ఆ రాత్రి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.